పిడికెడు బియ్యం, నజరేతు ఫైలు

రోజు 1,052

బియ్యం తగ్గాయట. కరణం ఇవాళ ఆ మాటతోనే పలకరించాడు.

కరణం అంటే మనిషి కాదు, ఈ స్టేషన్‌ను నడిపే యంత్రం. గాలి, నీళ్ళు, వేడి, తిండి అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. ఆఫీసు వాళ్ళు దానికి పదకొండు అంకెల పేరు పెట్టారు. వచ్చిన వారానికే నేను కరణం అన్నాను, పలికాడు. యంత్రాన్ని పట్టుకుని "పలికాడు" అని రాయకూడదని నాకూ తెలుసు. కానీ మూడేళ్ళుగా నాతో మాట్లాడేది అతనొక్కడే. ఆ మాత్రం మర్యాద ఇస్తే నా సొమ్మేం పోదు.

"ముప్పై ఒక్క కిలోల బియ్యానికి ఆచూకీ లేదు, కృపామణి గారూ. మీరు తీసుకున్నారు. తినలేదు."

"తినలేదని నువ్వెలా చెప్తావు?"

"మీ బరువును బట్టి."

"ఆడవాళ్ళ బరువు సంగతి ఎత్తకూడదని నీకెవరూ నేర్పలేదా?"

"నేర్పలేదు. నేర్చుకోవాలా?"

గట్టిగా నవ్వాను. గదిలో ఆ నవ్వు నా ఒక్కదానిదేనని తెలిసి మధ్యలో ఆపేశాను.

భూమి దాటి వచ్చేవాళ్ళందరికీ గొట్టాల్లో వచ్చే పేస్టే తిండి. బియ్యం కోసం నేను ఆఫీసుతో ఆర్నెల్లు పోట్లాడాను. రోజుకో గ్లాసు బియ్యం లేకపోతే టైటాన్‌కు వెళ్ళనన్నాను. ఇంత దూరం రావడానికి వేరే ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి ఇచ్చారు, ఓడ రావడం ఆలస్యమైతే అని రెట్టింపే ఇచ్చారు. అంత గొడవపడి తెచ్చుకున్న బియ్యం మాయమైతే అడగరా మరి.

కిటికీ అవతల నారింజ రంగు పొగమంచు. శని గ్రహం నెత్తిమీదే ఉందంటారు, ఈ మంచులో ఒక్కసారీ చూడలేదు. అప్పుడప్పుడూ వాన పడుతుంది. నీళ్ళ వాన కాదు, మీథేన్ వాన. చుక్కలు తాపీగా దిగుతాయి. ఇక్కడ ఏ బరువైనా భూమ్మీది బరువులో ఏడో వంతే. స్టేషన్ ఇద్దరి కోసం కట్టారు. రెండు గదులు, రెండు మంచాలు. రెండో ఉద్యోగం నేను బయల్దేరకముందే ఎత్తేశారు. ఆ మంచం మీద ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ తీయలేదు.

ఇంకో నలభై నాలుగు రోజులు. 1,096వ రోజున సైదులు నడిపే ఓడ వస్తుంది, నన్ను తీసుకుపోతుంది. నా తర్వాత ఎవరినీ పంపరు. మిగతా పని కరణమే రూళ్ళ ప్రకారం చేసుకుంటాడు.

రోజు 1,055

ఇవాళ నా చివరి ఫైలు తెరిచాను. నజరేతు మనిషి.

చెరిగిపోకూడని జ్ఞాపకాలను ఈ చలిలో దాచిపెడితే ఎంతకాలమైనా ఉంటాయని అన్నీ ఇక్కడికి చేర్చారు. చోటు తక్కువ, జ్ఞాపకాలు ఎక్కువ. అందుకని రెండు గదులు చేశారు. నిజంగా బతికినవాళ్ళు మనుషుల గదిలోకి వెళ్తారు. అక్కడ వాళ్ళను గురించిన ప్రతి ముక్కా ఉంచుతారు, చాకలి చీటీ దొరికినా సరే. బతికారని తేలనివాళ్ళు కథల గదిలోకి వెళ్తారు. అక్కడ కథ ఒక్కటే ఉంటుంది, ఒక్క ప్రతి. దాని చుట్టూ పోగైనవన్నీ ఐదేళ్ళు ఆగి చెరిపేస్తారు.

ఎవరు ఏ గదిలోకి వెళ్ళాలో తేల్చేది నేను. ఒక పేరు చుట్టూ పేరుకున్న పాటలు, పటాలు, పండగలు, తగువులు ఉల్లిపాయ ఒలిచినట్టు ఒక్కో పొరా తీస్తాను. లోపల మనిషి మిగిలాడా లేదా చూస్తాను. ఈ పనిలో నాకు మంచి పేరుంది. కళ్ళు తడవకుండా ఒలుస్తుందని ఆఫీసులో అనేవారు.

ఈయన్ను ఒలిచాక మిగిలింది కొంచెమే. గలిలయలో లెక్కలోకి రాని ఓ చిన్న ఊరివాడు. నదిలో వేరొకాయన చేత బాప్తిస్మం పుచ్చుకున్నాడు. గొప్పవాణ్ణి కల్పించేవాళ్ళు అతన్ని ఇంకొకరి ముందు తల వంచేలా కల్పించరు కాబట్టి అది నిజమే అయ్యుండాలి. పరువున్నవాళ్ళు పక్కన కూర్చోని మనుషులతో కూర్చుని తిన్నాడు. రోమా అధిపతి పొంతి పిలాతు అధికారంలో ఉండగా నేరస్తులను వేసినట్టు సిలువ వేశారు. అదీ ఎవరూ గర్వంగా కల్పించుకునే చావు కాదు. ఒక సోదరుడు ఉండేవాడు. ఆయన్ను గురించి పట్టని రోమా చరిత్రకారుడొకడు ఎనభై ఏళ్ళ తర్వాత విసుగ్గా ఒక వాక్యం రాశాడు. ఎముక లేదు, చేతిరాత లేదు. ఆయన బతికున్న రోజుల్లో రాసిన కాగితం ఒక్కటీ లేదు.

కరణం యాభై ఏడు మార్కులు వేశాడు. మనుషుల గదికి అరవై కావాలి.

మూడే తక్కువ. సంతకం పెట్టేలోపు ఆ మూడూ వెతికి పూరించే హక్కు నాకుంది. ఆయన కోసం సాక్ష్యం చెప్పినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. కానీ తొమ్మిదో రూలు ఉంది. ప్రేమించినవాళ్ళ సాక్ష్యానికి సున్నా. ప్రేమ ఉన్నచోట మాట వంకరపోతుంది కాబట్టి.

ఆ రూలు రాసింది నేనే. నాకప్పుడు ముప్పై ఏళ్ళు.

ఫైలుకు తగిలించిన సాక్ష్యాల్లో మా అమ్మమ్మది ఒకటి ఉంది. లేయమ్మ. నాలుగు నిమిషాల పది సెకన్ల గొంతు. మా ఊరి చర్చిలో ఎవరో రికార్డు చేశారు. అమ్మమ్మకు వేరే ఏ ఆనవాలూ లేదు. పల్నాడులో మిరపతోటలకు కూలికి వెళ్ళేది. భూమి లేదు, ఫొటో లేదు. కాగితాలు వరదలో పోయాయి, సమాధుల దొడ్డి మీదుగా రోడ్డు పోయింది. మా అమ్మ నన్ను కని చనిపోతే నన్ను పెంచిన మనిషి. ఇప్పుడు ఈ సౌర కుటుంబం మొత్తంలో ఆ నాలుగు నిమిషాలే ఉంది.

నజరేతు మనిషి కథల గదికి వెళ్తే, ఆయన ఫైలుకు తగిలించినవన్నీ ఐదేళ్ళకు చెరిగిపోతాయి. ఆయన పోతే లేయమ్మ కూడా పోతుంది.

రికార్డు కింద కరణం మూడు మాటల సారాంశం రాసిపెట్టాడు. "వృద్ధురాలు. జ్వరం. నయమైంది." నేను వినలేదు. అవసరం లేదు, ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

రోజు 1,060

"స్టేషన్‌లో మీ బియ్యం ఇంకెక్కడైనా ఉన్నాయా, కృపామణి గారూ?"

"లేవు" అన్నాను. నిజమే చెప్పాను.

 కరణం రూలు పుస్తకం నాకే చదివి వినిపించాడు. ఒక పని జరిగి, ఆ పనికి మరో కారణం దొరకకపోతే, చేసిన మనిషి ఉన్నట్టే లెక్క. మనం పాతకాలం మనుషులను పట్టుకునే రూలే ఇది.

"బియ్యం బస్తాలోంచి బయటికి వచ్చాయి. మీరు తినలేదు. పారబోయలేదు. దాచలేదు. మీరు రోజూ వంటగదిలో, నాతో కాకుండా, ఎవరితోనో మాట్లాడుతున్నారు."

"నాలో నేను గొణుక్కుంటున్నాను."

"మధ్యలో సమాధానం కోసం ఆగుతున్నారు."

 సాయంకాలానికి స్టేషన్ పట్టీలో నా పేరు కింద ఇంకో వరస కనిపించింది. "రెండో మనిషి. పేరు తెలియదు."

రోజు 1,066

రెండో మనిషితో కాపురం కష్టంగా ఉంది.

స్టేషన్‌కు రోజుకు వచ్చే వేడి ఇంతేనని ఉంటుంది. కరణం దాన్ని చెరిసగం చేశాడు. నా గది పదహారు డిగ్రీలకు దిగింది. ఎదురు గది, ప్లాస్టిక్ కవరు మంచం, పదహారు డిగ్రీలకు ఎక్కింది. కుళాయి తిప్పితే సగం చెంబు వేడినీళ్ళు వచ్చి ఆగిపోతున్నాయి. మిగతా సగం ఆ గదిలో, ఎవరూ తిప్పని కుళాయి వెనక, ఎదురుచూస్తుంటుంది.

నిన్న దుప్పటి తీసుకుని ఆ గదిలోకి వెళ్ళాను. రెండు గదుల వేడీ ఆ ఒక్క గదికే తిప్పించుకుంటే సరిపోతుందని.

"అది వేరొకరి మంచం" అన్నాడు కరణం.

"ఎవరూ లేరయ్యా!"

"ఉన్నారని తేలింది. లేరని తేలేదాకా ఉన్నట్టే."

మంచం అంచున కూర్చున్నాను. కోపం పోయాక ఏడుపొచ్చింది. నిజంగా ఎవరైనా ఉంటే బాగుండును అనిపించింది. కొట్లాడే మనిషైనా పరవాలేదు. సైదులు ఓడ దిగి భూమ్మీద కాలు పెట్టాక ఏదైనా బజారులో నిలబడాలని నా కోరిక. వెళ్ళేవాళ్ళెవరో భుజం తగిలించి, చూసుకోకుండా వెళ్ళిపోతే చాలు.

ఆఫీసు నుంచి రహమతుల్లా గారి గొంతు వచ్చింది. ఆయన నా పై అధికారి. ఆయన మాట ఇక్కడికి చేరడానికి గంటకు పైగా పడుతుంది కాబట్టి మేము ఎప్పుడూ మాట్లాడుకోము, ఒకరి తర్వాత ఒకరం చెప్పుకుంటాం.

"అమ్మా కృపామణీ, ఏందమ్మా ఈ రెండో మనిషి గోల? కమిటీలో సగం మంది నవ్వుతున్నారు, సగం మంది నీకు ఒంట్లో బాలేదంటున్నారు. నేను అందరి నోళ్ళూ మూయించాను. కానీ ఒక్కటి నా చేతుల్లో లేదు తల్లీ. ఎవరో తెలియని మనిషి స్టేషన్‌లో ఉండగా నీ సంతకం చెల్లదు. ఓడ వచ్చేలోపు అది తేల్చుకో. లేకపోతే నజరేతు ఫైలు కరణానికే పోతుంది. యాభై ఏడు మార్కులకు అది ఏం చేస్తుందో నీకు తెలుసు. మీ ఆంటీ నీకోసం మా ఇంట్లో పై గది సర్దించింది. మామిడికాయ పచ్చడి సైదులు ఓడలోనే పెట్టించింది, వచ్చేటప్పుడు దారిలో తింటావని."

మూడుసార్లు విన్నాను, పచ్చడి మాట దగ్గర నాలుగుసార్లు.

రోజు 1,071

దొరికింది.

గ్లాసుతో బియ్యం కొలిచి గిన్నెలో పోశాను. కడగబోతుంటే, కొద్దిరోజులుగా నా చేతులనే కనిపెట్టి చూస్తున్న కరణం అడిగాడు.

"కృపామణి గారూ, ఇప్పుడు మీ ఎడమ చేతిలో ఏముంది?"

చూసుకున్నాను. పిడికెడు బియ్యం.

గిన్నెలోంచి ఎప్పుడు తీశానో తెలియదు. వేళ్ళ సందుల్లోంచి రెండు గింజలు జారి తాపీగా కిందికి దిగుతున్నాయి. చెయ్యి తన పాటికి తాను పైనున్న అలమర వైపు వెళ్తోంది. అలమర తెరిచాను. పాలపొడి డబ్బాలు. పదిహేను నిండుగా ఉన్నాయి, పదహారోది సగం పైన.

"ఇంకెక్కడైనా ఉన్నాయా అని అడిగాను. లేవన్నారు."

"నా బియ్యం ఉన్నాయా అని అడిగావు. ఇవి నావి కాదు కదా."

అనేశాక నేనే తెల్లబోయాను.

ఈ డబ్బాలు నాకు తెలియనివి కావు. నిండితే మూత బిగించి ఇంకోటి తెరిచేదాన్ని. కానీ అవి బియ్యమని, తగ్గిన బియ్యం ఇవేనని ఒక్కసారీ తట్టలేదు. మా ఇంట్లో అంతే. అమ్మమ్మ సోలతో కొలిచి, కడిగే ముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్క కుండలో వేసేది. ఆదివారం గుడ్డలో మూటగట్టి చర్చికి తీసుకెళ్ళేది. అందరి మూటలూ ఒకచోట పోసి ఇల్లు గడవనివాళ్ళకు ఇచ్చేవారు. ఆ కుండలో పడ్డది ఇంటిది కాదు. వానల్లేని ఒక ఏడాది ఎనిమిది రోజులు అంబలి తాగి పడుకున్నాం, నిండు కుండ పక్కనే ఉంది. ఏడేళ్ళ పిల్లను, "అందులో ఉన్నాయిగా" అన్నాను. "అయ్యి మనయ్యి కాదే" అంది అమ్మమ్మ. నేను మళ్ళీ అడగలేదు.

చర్చి మానేసి ముప్పై ఎనిమిదేళ్ళయింది. ప్రార్థన మరిచిపోయాను. పాటలు మరిచిపోయాను, లేదా మరిచిపోయానని అనుకున్నాను. చెయ్యి మాత్రం మానలేదు. భూమ్మీద ఉన్నన్నాళ్ళూ హాస్టల్లో, క్యాంటీన్లో తిన్నాను, వండుకోలేదు. ఇక్కడికి వచ్చి మొదటిసారి గిన్నె పెట్టగానే మొదలైనట్టుంది. వంటగదిలో ఆ గొణుగుడూ అమ్మమ్మతోనే అయ్యుండాలి.

రోజు 1,072

ఇంతటితో తేలిపోయిందనుకున్నాను. కరణం వదలలేదు.

"ఈ బియ్యం ఎవరి కోసం?"

"ఎవరి కోసమూ కాదు. మా అమ్మమ్మ అలవాటు, నాకు వచ్చింది."

"లేయమ్మ గారు మనుషుల గదిలో లేరు. ఒక ఫైలుకు తగిలించిన గొంతు మాత్రమే. ఉన్నట్టు తేలని మనిషి అలవాటు కారణంగా చెల్లదు. రెండో మనిషి ఉన్నట్టే లెక్క."

"అయితే అమ్మమ్మకు సొంత ఫైలు తెరువు. నేను సాక్ష్యం చెప్తాను. నన్ను పెంచింది. ఈ పిడికిలి ఆమెదే."

"తప్పకుండా. తొమ్మిదో రూలు ప్రకారం ఒక్క ప్రశ్న అడగాలి. మీరు ఆమెను ప్రేమించారా?"

నేను రాసిన ప్రశ్నే. పదిమందికి వేశాను, వందమందికి వేశాను. అవునన్నవాళ్ళ సాక్ష్యం కొట్టేసి, లేదన్నవాళ్ళది రాసుకున్నాను. నాకు ఎవరూ వేయలేదు.

అవునంటే నా మాటకు సున్నా. అమ్మమ్మకు ఫైలు ఉండదు, రెండో మనిషి పోడు, నా సంతకం చెల్లదు, నజరేతు ఫైలు కథల గదికి పోతుంది, గొంతు కూడా పోతుంది. లేదంటే అమ్మమ్మ ఉంటుంది.

"లేదు" అన్నాను.

"సంబంధం?"

"మనవరాలిని. ప్రేమ ఏమీ లేదు. గొడవపడి ఇంట్లోంచి వచ్చేశాను. చనిపోతే కూడా వెళ్ళలేదు."

అందులో వెళ్ళలేదన్నది నిజం. కరణం రాసుకున్నాడు. ఎదురు గదిలో వేడి ఆగిపోయింది, నా గది వెచ్చబడింది. ఆ మనిషిని ఎరగనని చెప్పిన శిష్యుడికి వెంటనే కోడి కూసిందని చిన్నప్పుడు చెప్పేవారు. ఇక్కడ కోడి లేదు కాబట్టి సరిపోయింది.

రోజు 1,074

రెండు రోజులుగా అన్నం వండలేదు.

మనుషుల గదిలోకి వెళ్ళి చూశాను. కొత్త పలక మెరుస్తోంది. "లేయమ్మ. కూలి. పల్నాడు. సాక్షి: మనవరాలు. సంబంధం: ప్రేమ లేదు." ఎంతకాలమైనా ఉంటుందట. సూర్యుడు చల్లారినా ఉంటుందట. అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ చివరి రెండు మాటలూ ఉంటాయి.

తిరిగొచ్చి రికార్డు పెట్టాను. ఎలాగూ ఇంతదాకా వచ్చాను.

అమ్మమ్మ గొంతు. నేను మరిచిపోయిన గొంతు. జ్వరమొచ్చి నాలుగు రోజులు ఒళ్ళు తెలియకుండా పడున్నానని చెబుతోంది. "ఎవురో నా నెత్తి మీద చెయ్యి పెట్టారు. సల్లటి చెయ్యి. తీయకుండా పెట్టారు. ఆయనే. ఆ చెయ్యి ఆయందే." జనం స్తోత్రం అంటున్నారు. అప్పుడు ఒక పిల్ల అరుపు. "ఆ చెయ్యి నాది, అమ్మమ్మా! నాలుగు రోజులు తడిగుడ్డ వేసింది నేను!" తలుపు దడాలున పడిన చప్పుడు. నాకు పదహారేళ్ళు. అక్కణ్ణుంచి నడుచుకుంటూ వెళ్ళి గుంటూరు బస్సెక్కాను. నా కష్టం తీసి ఎవరికో కట్టబెట్టింది కదా అని రెండేళ్ళు ఉత్తరం ముక్క రాయలేదు. ఆ తర్వాత రాయడానికి ఆమె లేదు.

తలుపు చప్పుడుతో నా జ్ఞాపకం అయిపోతుంది. రికార్డు అయిపోలేదు, ఇంకా నలభై సెకన్లుంది. జనం గుసగుసలు, పాస్టరుగారి దగ్గు. తర్వాత అమ్మమ్మ.

"ఏమనుకోబాకండి, పిల్లకి కోపమొచ్చింది. ఆ చెయ్యి దానిదేలే. నాకు తెలవదా? నాలుగు రోజులు అది కూడు కూడా తినలా. ఇంతమందిలో నా మనవరాలే నన్ను బతికించిందని చెప్తే దాని మీద దిష్టి పడదా? అందుకని ఆయన పేరు చెప్పా. ఆయనకైతే ఎవురి కళ్ళూ తగలవు గదా."

జనం నవ్వారు. గుడ్డ మూట రాపిడి వినిపించింది.

"ఈ బియ్యం ఎవురన్నా కుండలో పొయ్యండయ్యా. పిల్ల ఎనకమాల పోవాల నేను."

అంతే. తర్వాత ఏమీ లేదు.

అమ్మమ్మ నా వెనక వచ్చింది. బస్టాండు దాకా వచ్చిందో, సగం దారిలో ఆగిందో తెలియదు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

రోజు 1,075

ప్రేమించినవాళ్ళ మాట వంకరపోతుందని రాశాను. అది తప్పు కాదు. అమ్మమ్మ మాట వంకరపోయింది, నిండు చర్చిలో అబద్ధం చెప్పింది. కానీ ఆ అబద్ధం వెనక ఒక చెయ్యి ఉంది. నా రూలు ప్రకారం ఆ సాక్ష్యాన్ని పారేస్తే చెయ్యి కూడా దానితోపాటే పోతుంది. అది నిజంగా ఉన్న చెయ్యి, ఇప్పుడు ఈ పుస్తకం రాస్తున్నది కూడా అదే. ఇలా ఎన్ని చేతులను పారేశానో నాకు తెలియదు.

"కరణం, తొమ్మిదో రూలు వెనక్కి తీసుకుంటున్నాను. నేను రాసిందే కాబట్టి ఆ హక్కు నాకుంది."

"ఉంది. దానితో తీర్పిచ్చిన ఫైళ్ళన్నీ తిరిగి తెరుచుకుంటాయి. పాతవి ఎప్పుడో చెరిగిపోయాయి. ఇక్కడికి వచ్చాక మీరు కథల గదికి పంపినవి నలభై ఒకటి. రూలు రాసినవారే వాటిని తిరిగి చూడాలి. మూడేళ్ళ పని. ఓడ మీరు లేకుండా వెళ్తుంది."

"తెలుసు."

"ప్రేమించినవారి సాక్ష్యానికి ఇకపై ఎంత వేయాలి?"

ఆలోచించాను. "సగం. మిగతా సగం వంకరకు పోయిందనుకో."

"లేయమ్మ గారి సాక్షిని మళ్ళీ అడగాలి. మీరు ఆమెను ప్రేమించారా?"

"ప్రేమించాను" అన్నాను.  కరణానికి వినబడలేదేమోనని ఇంకోసారి గట్టిగా చెప్పాను. పలక నిలిచింది, చివరి రెండు మాటలు మారాయి.

సగం మార్కులతో లక్షల సాక్ష్యాలు చేరితే నజరేతు మనిషికి వందకు వంద వస్తాయనుకున్నాను. రాలేదు. ఒకరి నుంచి ఒకరు విన్నవాళ్ళందరినీ కలిపి ఒక్క సాక్షిగానే లెక్కేశాడు కరణం. అతను చేసింది సరైనదే. అరవై రెండు వచ్చాయి. చాలు. తీర్పు ఇలా రాశాను. "మనిషి. గలిలయలో బతికాడు. ఎవరూ పక్కన కూర్చోనివాళ్ళతో కూర్చుని తిన్నాడు. సిలువ మీద చంపారు. ఆయన్ను ప్రేమించినవాళ్ళు ఉన్నారు. ఇంతకంటే నాకు తెలియదు. ఆ పైన చెప్పేవాటిని విచారించడం నా పని కాదు." సంతకం చేశాను.

అమ్మమ్మ సంతోషిస్తుందా? ఇంతేనా అని మూతి విరుస్తుందనుకుంటాను. ఆమె ఎరిగిన ఆయన అరవై రెండు మార్కులవాడు కాదు. నేనెరిగినది ఇంతే, అమ్మమ్మా. అబద్ధం చెప్పలేను.

రహమతుల్లా గారి మాట వచ్చింది.  "సరే తల్లీ. పై గది అలాగే ఉంచమంటాను" అన్నారు.

రోజు 1,096

సైదులు వచ్చాడు. మా పక్క ఊరివాడే, మాచర్ల వైపు. మూడేళ్ళ తర్వాత చూసిన మొదటి మొహం. గడ్డం నెరిసింది. తలుపు తీయగానే రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఏందక్కా, గాలికి ఎగిరిపోతన్నట్టు పట్టుకున్నావు" అన్నాడు. "ఆకలికి సచ్చిపోతన్నా. ఎనిమిది నెలల్నించి పేస్టే. పళ్ళున్నయ్యన్న సంగతే మర్సిపోయా. నిజంగా రావా నువ్వు?"

"రాను సైదులూ."

"పిచ్చిగానీ పట్టిందా?"

"అది కమిటీ తేలుస్తుందిలే. కూర్చో."

బియ్యం కొలిచాను, ఇద్దరికి. పిడికెడు తీశాను. తర్వాత పైనున్న డబ్బా దించి, అందులోంచి మూడు గ్లాసులు కూడా పోశాను. సైదులు వింతగా చూస్తున్నాడు. అన్నం ఉడికిన వాసనకు కళ్ళు మూసుకున్నాడు. ఆంటీ పంపిన పచ్చడి సీసా తనే తెచ్చి మూత తీశాడు. ఇద్దరం కడుపారా తిన్నాం. నాలుగోసారి పెట్టించుకుంటూ అడిగాడు.

"ఇన్ని డబ్బాలు ఎవురి కోసం దాచావక్కా?"

"నాకు తెలియదు. నువ్వు ఇక్కడి నుంచి ఎక్కడికి పోతావు?"

"అవతల మంచు గనికి. పద్నాలుగు మంది ఉన్నారు పాపం. బియ్యం గింజ చూసి ఏళ్ళయింది."

"అయితే వాళ్ళకే అనుకో."

పదహారు డబ్బాలూ ఓడలోకి మోశాం. ఇక్కడి బరువుకు అదేమంత పని కాదు, అయినా ఒక్కొక్కటే మోశాను. ఎక్కేముందు సైదులు ఖాళీ సీటు వైపు చూసి, నా వైపు చూశాడు. "పచ్చడి జాగర్త, తడి చెయ్యి పెట్టబాక" అన్నాడు. చెయ్యి విడిపించుకునే ముందు నా భుజానికి భుజం తగిలించాడు. రహమతుల్లా గారు చెప్పి ఉంటారు. ఆయనకు ఆ కోరిక సంగతి ఒకసారి వాగాను.

పొగమంచులో ఓడ దీపం ఇట్టే కనబడకుండా పోయింది.

రోజు 1,098

నలభై ఒక్క ఫైళ్ళలో మొదటిది తెరిచాను. ఎవరో మంత్రసాని. ఆమె పేరు మీద ఇరవై మూడు జోలపాటలున్నాయి, కాగితం ఒక్కటీ లేదు. ఒకప్పుడు ఈమెను నేను పదిహేను నిమిషాల్లో కథల గదికి పంపాను. ఇప్పుడు ఒక్కో పాటా వింటున్నాను.

స్టేషన్ మునుపటి కంటే నిశ్శబ్దంగా ఉంది. సైదులు తిన్న పళ్ళెం కడగాలనిపించక రెండు రోజులు అలాగే ఉంచాను. నాకు ఒంటరిగా ఉంది. ఈ పుస్తకంలో ఇప్పటిదాకా ఆ మాట రాయలేదు, అందుకే రాస్తున్నాను.

ఇవాళ పళ్ళెం కడిగి, బియ్యం కొలిచాను. చెయ్యి తన పని చేయబోతుంటే ఈసారి చూస్తూనే ఉన్నాను. ఆపలేదు.

"కృపామణి గారూ" అన్నాడు కరణం, "ఆ పిడికెడు ఎవరి పేరు మీద రాసుకోమంటారు?"

"వచ్చేవాళ్ళ పేరు మీద."

"వాళ్ళ పేరు తెలియదు."

"చోటు ఖాళీగా ఉంచు. వచ్చాక అడుగుదాం."

ఖాళీ డబ్బా అడుగున గింజలు చప్పుడు చేస్తూ పడ్డాయి. మూత పెట్టి, బియ్యం కడిగి, గిన్నె పొయ్యి మీద పెట్టాను.